నాలుగో వద్దు

బదిలీల జాబితాలో తన పేరుందన్న కబురు అందేసరికి విపంచి టిఫిను డబ్బాలో ఉప్మాని చెంచాతో అటూ ఇటూ తవ్వుతూ జీడిపప్పు కోసం గాలిస్తోంది. అప్పటికి రెండు దొరికాయి. మూడోది దొరికితే శ్రీకర్ మధ్యాహ్నంలోపే ఫోన్ చేస్తాడని తనలో తానే పందెం వేసుకుంది. మూడోది దొరకలేదు గానీ, అటెండరు మంగాయమ్మ ఒక చేత్తో టీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"అమ్మాయిగారండీ, లెగండి! మీ పేరొచ్చేసిందండి. పార్వతీపురం!"

విపంచి లేచింది. చెంచా కింద పడింది. పెళ్ళయి యాభై ఎనిమిది రోజులే కాబట్టి చేతినిండా ఉన్న గాజులన్నీ ఒక్కసారి మోగాయి. పక్క సెక్షన్లో ఎవరో "ఏమైందీ?" అని అరిచారు.

ఆమె నరసాపురంలోని విన్నపాల శాఖ ప్రాంతీయ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. ఆమె భర్త శ్రీకర్‌దీ అదే శాఖ, అదే ఉద్యోగం. కాకపోతే పార్వతీపురంలో. మధ్యలో రెండు బస్సులు, ఒక రైలు. శాఖవారి శిక్షణ తరగతుల్లో ఇద్దరికీ కలిపి ఒకే స్టేప్లరు ఇవ్వడంతో మొదలైన పరిచయం అది. ఆ స్టేప్లరు ఇప్పటికీ విపంచి సొరుగులోనే ఉంది. దాన్ని ఎవరికీ అరువివ్వదు.

"కింద సన్నటచ్చరాల్లో ఇంకేదో రాశారండి. అద్దాలు తెచ్చుకోలేదు, మీరే చూసుకోండి," అంది మంగాయమ్మ.

విపంచి చదివింది. 'పై జాబితా తాత్కాలికము. ఉద్యోగి సదరు బదిలీని నిజముగా కోరుకొనుచున్నదీ లేనిదీ ఆంతర్యం నిర్ధారించిన పిమ్మటనే ఉత్తర్వులు అమలులోనికి వచ్చును. మూడు విచారణలలో కోరిక నిరూపణ కానిచో, మూడేళ్ళ వరకు తిరిగి దరఖాస్తు చేయరాదు.'

విపంచి మళ్ళీ కూర్చుంది.

ఆంతర్యం అంటే ఆ ఆఫీసులో నెల్లాళ్ళుగా కొలువు తీరిన కృత్రిమ మేధ. మనిషి ఏమడుగుతున్నాడన్నది దానికి పట్టదు. మనిషికి నిజంగా ఏం కావాలన్నదే దాని పని. ప్రారంభోత్సవం నాడు ప్రాంతీయ అధికారి గోపాలస్వామిగారు మెడలో దండ తీయకుండానే ప్రసంగించారు. "ప్రజలు అడిగినది ఇచ్చుట పాత పాలన. అడగనిది గ్రహించుట నూతన పాలన. ఇకమీదట విన్నపము అనునది కేవలము పైకి కనిపించు దద్దురు. అసలు జ్వరము లోపల ఉండును. దానిని ఆంతర్యం కొలుచును."

అందరూ చప్పట్లు కొట్టారు. విపంచి అందరికన్నా గట్టిగా కొట్టింది. కారణం ఉంది. ఆంతర్యం చదువుకున్నది ఆమె పెళ్ళిలోనే.

అదెలాగంటే, ఆ యంత్రాన్ని తయారుచేసిన అన్వేష్ బెంగళూరులో పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగు చక్కగా వచ్చుగానీ తెలుగువాళ్ళ మధ్య ఉండి ఎరగడు. మనుషులు నోటితో ఒకటి చెప్తూ మనసులో ఇంకోటి కోరుకునే చోటు, అదీ వందలమంది ఒకేసారి దొరికే చోటు కావాలని అతను ఈ ఆఫీసుకొచ్చి వెతుకుతున్న రోజుల్లో విపంచి శుభలేఖ ఇచ్చింది. అతను నాలుగు కెమెరాలతో వచ్చాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి ఫొటోగ్రాఫరనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. నాలుగు వందల పన్నెండు మంది పంక్తుల్లో కూర్చుని భోంచేస్తుంటే అతను ఒక్కొక్క చెయ్యీ, ఒక్కొక్క నోరూ చిత్రీకరించాడు.

చూస్తే ఏముంది! బూరెల బుట్ట రాగానే ప్రతివాళ్ళూ "వద్దండీ వద్దండీ" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చేతి వేళ్ళ మధ్య సందులున్నాయి. ఆ సందుల్లోంచి బూరె పడింది. పడిన ప్రతి బూరే లోపలికెళ్ళింది. మూడుసార్లు వద్దన్నవాళ్ళు మూడేసి బూరెలు తిన్నారు. నాలుగోసారి కూడా వద్దన్నవాళ్ళ దగ్గర మాత్రం వడ్డించేవాళ్ళు ఆగకుండా ముందుకు వెళ్ళిపోయారు. ఇక "ఇదుగో, ఇటు పనసపొట్టు కూర!" అని నోరారా కేకేసి పిలిచిన పెద్దమనుషులు, కూర దగ్గరికి రాగానే పక్కన కూర్చున్న బావగారి విస్తరి చూపించి "ఆయనకి వెయ్యండి" అన్నారు.

అన్వేష్ వారం రోజులు లెక్కగట్టి నివేదిక రాశాడు. మూడు వద్దులు చెప్తే కావాలని. నాలుగో వద్దు చెప్తే నిజంగానే వద్దని. కావాలని అడిగితే, అది అడిగినవాళ్ళకి కాదు, పక్కవాళ్ళకని.

గోపాలస్వామిగారు ఆ నివేదికని కళ్ళకద్దుకుని, సర్క్యులరు చేసి, గోడకి అంటించారు.

మొదటి వారం కాస్త గందరగోళంగా నడిచింది. రిటైరైన మాస్టారొకాయన వృద్ధాప్య పింఛను కావాలని అడిగితే, అది ఆయన వెనక నిలబడ్డ టైలరుకి మంజూరైంది. టైలరుకి ముప్ఫై నాలుగేళ్ళు. లేసుపేట మహిళలు జెండాలు పట్టుకుని వచ్చి "మా వీధిలో చెత్తకుప్ప వద్దు! వద్దు! వద్దు!" అని సరిగ్గా మూడుసార్లు నినాదం ఇచ్చి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే రెండు లారీల చెత్త వాళ్ళ వీధికి పూలదండతో సహా చేరింది.

కానీ నరసాపురం వాళ్ళకి మొహమాటం ఒకరు నేర్పాలా? రెండో వారానికల్లా అంతా సర్దుకున్నారు. ఆఫీసు బయట అర్జీలు రాసే కామేశం బోర్డు మార్చి 'ఇచ్చట నిరాకరణలు వ్రాయబడును' అని పెట్టాడు. క్యూలో జనం వేళ్ళు ఎడంగా పెట్టడం సాధన చేస్తూ నిలబడేవారు.

"ఆయ్, నాకెందుకండీ ఇంటి స్థలం? వద్దండి. ఉన్న పాక చల్లగా ఉందండి, వద్దండి. వర్షం వస్తే ఆకాశం చూసుకుంటూ పడుకుంటామండి, వద్దండి," అని ఒకాయన ఎంత బాగా చెప్పాడంటే క్యూ మొత్తం "శభాష్" అంది. ఆ మెప్పుకి పొంగిపోయి ఆయన "అసలు ఎప్పటికీ వద్దండి!" అనేశాడు. నాలుగోది. స్థలం పోయింది. పెళ్ళాం ఆయన్ని రిక్షా ఎక్కించి తీసుకెళ్ళింది.

ఇక గోపాలస్వామిగారి సంగతి. ఉత్తమ అధికారి పురస్కారం విషయమై ఆయన ఆంతర్యం ముందు కూర్చుని "నాకెందుకు" అని మూడుసార్లు మెత్తగా అన్నారు. పురస్కారం వచ్చింది. ఆనాటి నుంచి యంత్రం మీద ఆయనకి గురి కుదిరింది.

ఇవన్నీ విపంచి బల్ల ముందే జరిగేవి. శ్రీకర్‌కి ఫోన్లో చెప్పి పడీ పడీ నవ్వేది. తన వంతు వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"మీ బూరెలే మన కొంప ముంచాయి," అన్నాడు శ్రీకర్ ఫోన్లో.

"మా బూరెలనకండి. మీ మేనమామగారొక్కరే పదకొండు తిన్నారు, ప్రతిసారీ వద్దంటూనే."

"నాలుగో వద్దు రాకుండా ఎలా తిన్నాడు?"

"మూడు కాగానే బంతి మారి కూర్చున్నారు."

సోమవారం మొదటి విచారణ. ఆంతర్యం గదిలో ఒక బల్ల, దాని మీద అరటాకు రంగులో ఒక గాజు పలక, పైన కెమెరా. చెయ్యి ఆ పలక మీద అడ్డం పెట్టి మాట్లాడాలి. విపంచి అప్పటికి పాఠం అప్పజెప్పుకునే వచ్చింది. కూర్చుంది. చెయ్యి పెట్టింది. వేళ్ళు విప్పింది.

"నమస్కారం," అంది ఆంతర్యం, తేనె పూసిన ఆడగొంతుతో. "పార్వతీపురం."

అంతే. ఆ ఊరి పేరు ఇంకొకరి నోట వినేసరికి విపంచికి శ్రీకర్ అద్దె గదీ, దాని కిటికీలోంచి కనిపించే కొండా, తను రెండో ప్రయాణంలో నాటొచ్చిన కొత్తిమీర కుండీ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"కావాలండీ!" అంది.

అదే క్షణాన మంగాయమ్మ టీ పట్టుకుని లోపలికొచ్చింది.

"గ్రహించాను," అంది ఆంతర్యం. "పక్కనున్నవారికి పార్వతీపురం బదిలీ మంజూరు చేయబడుతున్నది."

మంగాయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ చేతి వేళ్ళ మధ్య కూడా సందులున్నాయి. "అమ్మబాబోయ్! నాకెందుకండీ? వద్దండి. నా గేదె ఈనేటట్టుందండి, వద్దండి. బాబ్బాబు, వద్దండి!"

"ధ్రువీకరించబడినది. శుభాకాంక్షలు."

"ఇంకోటి అనెయ్! ఇంకోటి!" అని విపంచీ, తలుపు దగ్గరున్న అన్వేషూ ఒకేసారి అరిచారు. పాపం మంగాయమ్మకి నోరు పెగల్లేదు. చివరికి విపంచి ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపితే నాలుగో వద్దు బయటపడింది. యంత్రం నింపాదిగా ఉత్తర్వు వెనక్కి తీసుకుంది.

విపంచి విచారణ ఫలితం తెరమీద వచ్చింది. 'కోరిక: శూన్యం. పరోపకార బుద్ధి: అధికం.'

ఆ వారమంతా సాధనే. శ్రీకర్ పార్వతీపురం నుంచి వీడియో కాల్లో యంత్రంలా గొంతు పెట్టి అడిగేవాడు. విపంచి అరటాకు రంగు దిండు మీద చెయ్యి పెట్టి వద్దనేది.

"పార్వతీపురం."

"వద్దండి."

"శ్రీకర్."

"వద్దండి."

"శ్రీకర్ చేసే దొండకాయ వేపుడు."

"అది నిజంగానే వద్దండి," అని కిలకిలా నవ్వేసేది. మళ్ళీ మొదటికి వచ్చేవారు. శుక్రవారానికి నవ్వకుండా మూడూ అనగలిగింది. శ్రీకర్ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"అంత బాగా అనక్కర్లేదేమో," అన్నాడు.

రెండో సోమవారం గదిలో పక్కన ఎవ్వరూ లేకుండా చూసుకున్నారు. మంగాయమ్మని టీ ఫ్లాస్కుతో సహా గేటు బయట కూర్చోబెట్టారు. గోపాలస్వామిగారు, అన్వేష్ అద్దం అవతల నిలబడ్డారు.

"పార్వతీపురం," అంది ఆంతర్యం.

"వద్దండి," అంది విపంచి, కిటికీలోంచి ఎటో చూస్తూ.

"రెండవసారి అడుగుచున్నాను."

"అబ్బే, నాకెందుకండీ, వద్దండి."

"మూడవసారి."

"వద్దండి." వేళ్ళ మధ్య సందులు ఒక్కొక్కటీ బూరె పట్టేంత.

అద్దం అవతల అన్వేష్ బొటనవేలు ఎత్తాడు. గోపాలస్వామిగారి ముఖం వికసించింది. ఆయన స్వతహాగా మంచిమనిషి. కొత్త పెళ్ళికూతురు ఇంత గండం గట్టెక్కిందన్న ఆనందంలో తలుపు తీసి తలకాయ లోపలికి పెట్టారు.

"పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదమ్మా. కాఫీ తెప్పించనా?"

విపంచికి అప్పటికి నాలుక పిడచ కట్టుకుపోయి ఉంది. లోకంలో ఆ నిమిషాన ఆమెకి కాఫీకన్నా కావలసింది ఒక్క పార్వతీపురమే.

"వద్దండి," అంది.

అద్దం అవతల అన్వేష్ ఎత్తిన బొటనవేలు దించేశాడు.

"నాలుగవ నిరాకరణ నమోదైనది," అంది ఆంతర్యం. "మీ మనసు గౌరవించబడినది."

కాఫీ కూడా రాలేదు.

ఆ సాయంత్రం విపంచి ఫైళ్ళ గదిలో కూర్చుని, స్టేప్లరు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. మూడేళ్ళు. మూడేళ్ళలో ఆ కుండీలో కొత్తిమీర ఎన్నిసార్లు ఎండిపోతుందో! మంగాయమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఊరుకోండమ్మా. ఇంకా ఒకటుందిగా."

"నావల్ల కాదు మంగాయమ్మా. కావాలంటే పక్కవాళ్ళకి పోతుంది. వద్దంటే అలవాటుకొద్దీ ఇంకో వద్దు వచ్చేస్తుంది. నేనేం అనను?"

"ఏమీ అనొద్దు," అంది మంగాయమ్మ. "నేను పాతికేళ్ళ నుంచి సెలవు రోజుల్లో వంటోళ్ళ జట్టుతో వడ్డనకెళ్తన్నానా? మీ పెళ్ళిలో బూరెల బుట్ట నాదే. ఆ అన్వేషుబాబు నోళ్ళు చూశాడు, చేతులు చూశాడు. మేం అయ్యేం చూడమండి. వంగి వడ్డించేవాళ్ళకి కనబడేది విస్తరి. ఏది ముందు ఖాళీ అయిందో అది కావాలన్నమాట. అంచుకి నెట్టేసింది అక్కర్లేదన్నమాట. మడిచేస్తే ఇంక దండం పెట్టి లెగిసిపోతారన్నమాట. దీనికి మిషనెందుకండీ?"

విపంచి ముక్కు తుడుచుకుంది. కాసేపు స్టేప్లరు వైపు చూసింది. తర్వాత హ్యాండుబ్యాగు తీసి, అడుగున ఉన్న శుభలేఖ కవరు తెరిచింది. అందులో పెళ్ళయినప్పటి నుంచి ఆమె చేసిన ఆరు ప్రయాణాల టిక్కెట్లు ఉన్నాయి. రెండు బస్సులు, ఒక రైలు, మళ్ళీ రైలు, రెండు బస్సులు. ఒక్కటీ పారెయ్యలేదు. కొన్నింటి మధ్య మల్లెపూలు ఎండి అంటుకుపోయాయి. ఒకదాని మీద టీ మరక ఉంది, అది శ్రీకర్ పెట్టిన మరక కాబట్టి దాన్ని విడిగా ప్లాస్టిక్ కవరులో దాచింది.

మూడో విచారణ గురువారం. శ్రీకర్ సెలవు పెట్టుకుని వచ్చాడు. జుట్టు ఒకవైపే లేచి ఉంది, కిటికీ సీటు దొరికిందని దానర్థం. అతన్ని గదికి పది గజాల దూరంలో సుద్దముక్కతో గీసిన గీత అవతల నిలబెట్టారు, పొరపాటున బదిలీ అతనికి తగులుతుందేమోనని. గోపాలస్వామిగారు రెండు పెదాలూ బిగించుకుని నిలబడ్డారు. కాఫీ, టీ, మంచినీళ్ళు అన్న మాటలు ఆ రోజు ఆఫీసు ఆవరణలో నిషేధించారు.

"పార్వతీపురం," అంది ఆంతర్యం.

విపంచి కావాలనలేదు, వద్దనలేదు. చెయ్యి కూడా పెట్టలేదు. పచ్చటి పలక మీద టిక్కెట్లు ఒక్కొక్కటే పరిచింది. ఎండిన మల్లెపూలతో, టీ మరకతో సహా. పలకంతా నిండిపోయింది.

తెరమీద చక్రం తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది.

"చెయ్యి కనబడుటలేదు," అంది ఆంతర్యం చివరికి. గొంతులో తేనె తగ్గింది. "ఈ వంటకము గుర్తించబడలేదు. వడ్డించేవారిని పిలవండి."

"నేనేనండి!" అని మంగాయమ్మ గేటు దగ్గరి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, మూడు రోజుల క్రితం విపంచికి చెప్పిందంతా అన్వేష్‌కి మళ్ళీ చెప్పింది. అన్వేష్ కుర్చీలో కూలబడ్డాడు.

"నాలుగు కెమెరాలు," అన్నాడు. "నాలుగు వందల పన్నెండు మంది. ఒక్క విస్తరి కూడా చూడలేదు నేను."

"మీరు కూడా ఆ రోజు గుమ్మడికాయ దప్పళం ఖాళీ చేసి, వంకాయ అంచుకి నెట్టేశారండి," అంది మంగాయమ్మ. "నేను చూశాను."

అన్వేష్ సిగ్గుపడ్డాడు. అది నిజమే.

అందరూ గోపాలస్వామిగారి వైపు తిరిగారు. ఏ మామూలు మనిషైనా ఆ టిక్కెట్లు చూసి బదిలీ కాగితం మీద సంతకం పెట్టేసేవాడు. గోపాలస్వామిగారు ఉత్తమ అధికారి. ఆయన తన గదిలోకి వెళ్ళి గంటసేపు తలుపు వేసుకుని, మూడు పేజీల ఉత్తర్వుతో బయటికి వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఆంతర్యం శిక్షణలో విస్తరి అను అంశము విస్మరించబడినట్లు అటెండరు మంగాయమ్మ ద్వారా వెల్లడైనందున, సదరు లోపమును సరిదిద్దుటకై, మొదట ఏ వివాహములో సమాచారము సేకరించబడినదో ఆ వివాహమునే, అదే వధూవరులతో, అదే అతిథులతో, అవే వంటకములతో, రేపు ఉదయము పదకొండు గంటల ఇరవై నిమిషములకు కార్యాలయ ఆవరణలో తిరిగి జరిపించవలెను. ఈసారి కెమెరాలు విస్తళ్ళ వైపు తిప్పబడును. వడ్డన పర్యవేక్షణ మంగాయమ్మది."

"బూరెలు కూడానాండీ?" అంది మంగాయమ్మ.

"అవే వంటకములు అంటిని కదా."

గోపాలస్వామిగారు పేజీ తిప్పారు. "సదరు దంపతులు మూల సమాచారమునకు ఆధారము కావున, పరిశోధన ముగియువరకు, అనగా సుమారు ఏడు సంవత్సరములు, వారిని విడదీసినచో ఫలితములు చెడును. కావున వధువు ఎల్లుండి నుంచి పార్వతీపురము కార్యాలయములో పనిచేయవలెను. ఈ విషయమున ఆమె కోరికతో నిమిత్తము లేదు."

కాగితం మడిచి, ఆయన విపంచి వైపు దయగా చూశారు. "అభ్యంతరమేమైనా ఉందా అమ్మా?"

విపంచి నోరు తెరిచేలోగా మంగాయమ్మ తన అరచేత్తో దాన్ని మూసేసింది. ఈసారి వేళ్ళ మధ్య ఒక్క సందు కూడా లేదు.

సాయంత్రానికి ఆఫీసంతా హడావిడి. నాలుగు వందల పన్నెండు మందికి ఫోన్లు వెళ్ళాయి. అందరూ "మళ్ళీ ఎందుకండీ, వద్దండీ" అన్నారట. అందరూ వస్తున్నారన్నమాట. శ్రీకర్ మేనమామగారు మాత్రం ఎన్ని బంతులు వేస్తారని ముందే కనుక్కున్నారు. అన్వేష్ ఆవరణలో నిచ్చెన వేసుకుని కెమెరాలు కిందికి వంచుతున్నాడు.

విపంచీ, శ్రీకర్ సుద్దగీత మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆ గీతతో ఇక ఎవరికీ పనిలేదు. ఆమె టిక్కెట్లు వరసగా పేర్చి మళ్ళీ శుభలేఖ కవరులో పెట్టుకుంది. అతను ఆమె మెడలో పసుపు ఇంకా వెలిసిపోని తాడు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అయితే రేపు మళ్ళీ మూడు ముళ్ళూ వెయ్యాలంటావా?"

"వద్దండి, ఒకసారి వేశారుగా," అంది విపంచి, మెడకి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

శ్రీకర్ ఆమె వేళ్ళ వైపు చూశాడు. ఎంత ఎడంగా ఉన్నాయో!

"ముహూర్తం పదకొండు ఇరవైకి," అన్నాడు. "పదింటికల్లా పంచె కట్టుకుని వచ్చేస్తాను."